సగం పాట గది

టైలర్ షాపు పక్కనున్న ఆ మెట్లు గురువారం రాత్రి ఏడు దాటాక ఎవరూ ఎక్కరు.

ఎక్కరంటే ఎక్కరు. పందెం కట్టినా ఎక్కరు. ఆ షాపు నడిపే టైలరే, గురువారం వచ్చిందంటే ఆరున్నరకల్లా మిషను మీద గుడ్డ కప్పేసి, షట్టర్ లాగేసి, వెనక్కి చూడకుండా ఇంటికి పోతాడు. "ఏంటన్నా, అప్పుడే?" అని ఎవరైనా అడిగితే వేలు పైకి చూపించి, "ఇంకాసేపట్లో మొదలవుతుంది... నేను వినలేను బాబూ," అంటాడు.

పైన ఉన్నది ఒకే ఒక్క గది. దాని తలుపుకి బయట తాళం. తాళం తుప్పుపట్టి ఏళ్ళయింది. లోపల కరెంటు లేదు, అద్దెకున్న మనిషీ లేడు. కానీ గురువారం ఏడయ్యేసరికి లోపల్నించి పాట వస్తుంది.

మామూలు పాటయితే జనం ఇంత భయపడేవాళ్ళు కాదు. అది సగం పాట.

హార్మోనియం కాసేపు మోగుతుంది... ఆగిపోతుంది. ఊరికే ఆగినట్టు ఉండదది. అవతల ఇంకెవరో వాయిస్తుంటే ఇది వింటున్నట్టు ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలో చెవి పెట్టి వింటే — ఊపిరి. హుస్... హుస్... మనిషి ఊపిరి కంటే పెద్దది. మళ్ళీ ఎక్కడో మధ్యలో అందుకున్నట్టు పాట మొదలవుతుంది. మిగతా సగం చచ్చిపోయినవాళ్ళకి మాత్రమే వినిపిస్తుందట. బతికున్నవాళ్ళకి ఆ సగం వినిపించిందా... ఇక వాళ్ళ పని అయిపోయినట్టే.

ఇదీ ఆ గదికున్న పేరు. నేను పుట్టించింది కాదు, విన్నదే చెప్తున్నాను. ఆ పేరు పుట్టడంలో నా చెయ్యి ఎంత ఉందో తర్వాత చెప్తాను. ఇప్పుడే చెప్పేస్తే నా మొహం చూడబుద్ధి కాక లేచిపోతారు.

అక్కడ చిక్కుకుంది మా ఆయన.

మా ఆయనది పేపర్లో ఉద్యోగం. నాదీ అక్కడే. ఊళ్ళో ఈ వారం ఎక్కడ కచేరీ, ఎక్కడ బొమ్మల ప్రదర్శన, ఎక్కడ ఏ సినిమా అని ఒక పేజీ వస్తుంది చూడండి, 'ఈ వారం' అని — అది ఆయనే చేస్తాడు. పదకొండేళ్ళుగా అదొక్కటే చేస్తున్నాడు. అందుకని ఆఫీసులో ఆయన పేరే మర్చిపోయారు. అందరికీ 'వారం గారు' అయిపోయాడు. ఇంటికి ఫోన్ చేసి కూడా "వారం గారున్నారా అండీ?" అని అడిగేవాళ్ళు. "ఏ వారం? సోమవారమా, మంగళవారమా?" అని నేను కసిరేదాన్ని.

ఆ పేజీ ఎలా తయారవుతుందో చెప్పాలి, ఎందుకంటే పాపమంతా అక్కడే ఉంది. మా ఆయన పోయిన వారం పేజీ తెరుస్తాడు. దాన్నే ఇంకో పేరుతో దాచుకుంటాడు. పైనున్న కాలమ్స్‌లో పాతవి కొట్టేసి కొత్తవి నింపుతాడు. పేజీ అడుగున ఒక చిన్న గడి ఉంటుంది, 'ప్రతి వారం' అని. చదరంగం క్లబ్బు, పుస్తకాలు చదివేవాళ్ళ సమావేశం, అలాంటివి. ఆ గడి ముట్టుకోడు. ప్రతి వారం ఉండేవాటిని ముట్టుకోవడమెందుకు? అలా వారం వెనక వారం అది దానంతటదే అచ్చయిపోతూ ఉంటుంది.

ఆ తర్వాత పేజీ నా దగ్గరికొస్తుంది. నేను ప్రూఫులు దిద్దుతాను. ఎర్ర పెన్నుతో ఒత్తు పోయినచోట ఒత్తు పెడతాను, కామా ఎక్కువైతే పీకేస్తాను. ఒక్క అచ్చుతప్పు నా కళ్ళు దాటి పోదని నాకు ఎంత పొగరో! రాసింది నిజమా కాదా అన్నది మాత్రం నా పని కాదనుకునేదాన్ని.

అలా ఉండగా ఊళ్ళో కళల వారం పెట్టారు. ఏడు రోజుల పాటు ఊరంతా సందడి. స్కూళ్ళ హాళ్ళలో పాటలు, వంతెన కింద గోడల మీద బొమ్మలు, మూతపడ్డ గోదాములో ఊళ్ళోవాళ్ళే తీసిన చిన్న చిన్న సినిమాలు. మా ఆయన పేజీ ఒకటి కాస్తా రెండయింది. కొత్తగా వచ్చిన ఎడిటర్ గారు ఆయన్ని గదిలోకి పిలిచి రెండు ముక్కలు చెప్పారట.

ఒకటి — "ఈ రెండు పేజీల్లో ఒక్క తప్పు దొర్లిందంటే మీకూ, ప్రూఫులు చూసినవాళ్ళకీ ఇక్కడ అదే ఆఖరి వారం."

రెండోది — "ఊళ్ళో సంగీతం గురించి ఎవరూ రాయని కథ ఒకటి అరపేజీ కావాలి. బాగుంటే మీ పేరుతో వేస్తాను."

పదకొండేళ్ళలో మా ఆయన పేరు ఒక్కసారి కూడా అచ్చుకాలేదు. ఆ రోజు ఇంటికొచ్చి భోజనం దగ్గర కూర్చుని, కంచంలో చెయ్యి పెట్టకుండా నవ్వుతూనే ఉన్నాడు. "ఏంటి, జ్వరమా?" అన్నాను నేను.

ప్యాంటు పొడవు తగ్గించమని ఇచ్చినప్పుడు టైలర్ చెప్పిన సగం పాట కథ ఆయనకి గుర్తొచ్చింది. ఇంకేం, కళల వారం మొదలవడానికి మూడు రోజుల ముందు, గురువారం, జేబులో నోటుబుక్కు పెట్టుకుని బయల్దేరాడు. ఇక్కణ్ణించి ఆయన నాకు చెప్పింది చెప్తాను.

చలికాలం. ఏడింటికే చీకటి. వీధి దీపం ఉంది గానీ దాని వెలుగు మూడో మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఫోన్లో ఛార్జింగు లేదు — ఆయన ఫోన్లో ఎప్పుడుందని? గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. సగం మెట్లు ఎక్కేసరికి —

మొదలైంది.

"అప్పటిదాకా నేను నమ్మలేదే," అన్నాడు. "టైలర్ ఏదో కల్పించి చెప్తున్నాడనుకున్నాను."

వెనక్కి వచ్చేయాల్సింది. కానీ అరపేజీ, దాని కింద సొంత పేరు... పైదాకా వెళ్ళాడు. తలుపు తడిమాడు. చేతికి తాళం తగిలింది. చల్లగా, బరకగా, బూజుతో.

తాళం బయట. పాట లోపల.

అంతలో పాట ఆగింది. హుస్... హుస్... ఊపిరి. ఏం బుద్ధి పుట్టిందో, మెల్లిగా తలుపుకి చెవి ఆనించాడు. అప్పుడు వినిపించింది, టైలర్ ఎప్పుడూ చెప్పని ఇంకో చప్పుడు. లోపల ఎవరో గొంతు బాగా తగ్గించి లెక్కపెడుతున్నారు.

"...రెండు... మూడు... నాలుగు..."

మా ఆయన ఒక్క పరుగు తీశాడు. మెట్లు దిగాడో, దొర్లాడో ఆయనకే తెలీదు. మోకాలు చెక్కుకుపోయింది. వీధిలోకి తిరగాల్సినవాడు కంగారులో పక్క సందులోకి తిరిగాడు. నాలుగడుగులు వేశాక గోడ అడ్డమొచ్చింది. వెనక్కి తిరిగితే సందు మొదట్లో కుక్క. గుర్రుమంటోంది. పక్కనే పైకి పోయే ఇనుప మెట్లు. ఆ మెట్ల చివర ఓరగా తెరిచిన తలుపు... ఆ తలుపులోంచి అదే పాట.

ఇటు కుక్క, అటు దెయ్యం. మా ఆయన దెయ్యం వైపే వెళ్ళాడు. చిన్నప్పుడు కుక్క కరిచింది లెండి.

ఇనుప మెట్లు కిర్రుమన్నాయి. పాట ఠక్కున ఆగిపోయింది.

లోపల చీకటి. చీకట్లోంచి ఒక గొంతు...

"ఎవరూ?"

ఆయన కింద కుక్క వైపు ఒకసారి చూసి, లోపలికి ఒక అడుగు వేశాడు.

"పేపర్లో చూసి వచ్చారా?"

ఇదేం దెయ్యం, పేపర్లో చూసి వచ్చారా అని అడుగుతోంది! టక్కుమని చిన్న టార్చిలైటు వెలిగింది. తెల్లటి జుట్టు, భుజాల మీద శాలువా, ముందర పాత హార్మోనియం పెట్టె. పెద్దావిడ. బతికున్న మనిషే. ఆవిడ ముందు వరసగా కుర్చీలు, శుభ్రంగా తుడిచి వేసున్నాయి. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు.

"పేపర్లో చూసే వచ్చారు కదూ?" అంది మళ్ళీ.

"అ... అవునండీ," అన్నాడు మా ఆయన. తను చూసొచ్చింది పేపరు కాదు, అయినా ఆ మొహం చూశాక కాదనలేకపోయాడట.

"రండి బాబూ, రండి! కూర్చోండి. అయ్యో, మోకాలికి ఏమైంది? ఆ మెట్లు అంతే, ముందే చెప్పాల్సింది." ఆవిడ లేచి, తుడిచిన కుర్చీనే మళ్ళీ శాలువా కొసతో తుడిచింది. "మొదట్నించీ వాయిస్తాను, మీరు మొదలు వినలేదుగా. కాకపోతే ఒక్క సంగతి చెప్పాలి, ఏమనుకోకండి. మాస్టారు లేరు."

"ఏ మాస్టారు?"

ఆవిడ సంచిలోంచి మడిచిన కాగితం తీసి టార్చి వెలుగులో పెట్టింది. మా ఆయన పేజీ. ఆ వారానిదే. అడుగున 'ప్రతి వారం' గడిలో, వేలితో చూపిస్తోంది:

'ప్రతి గురువారం రాత్రి ఏడు గంటలకు వయొలిన్ మాస్టారి కచేరీ. హార్మోనియం: మాస్టారి చెల్లెలు. మూడో అడ్డవీధి, టైలర్ షాపు పైన. ప్రవేశం ఉచితం.'

పదకొండేళ్ళుగా తను అచ్చేస్తున్న చిరునామాలో నిలబడి కూడా మా ఆయన దాన్ని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి దాన్ని ఎప్పుడైనా చదివితే కదా!

"అన్నయ్య పోయి ఐదేళ్ళయింది బాబూ," అంది ఆవిడ. "ఓనరు ముందు తలుపుకి తాళం వేసుకున్నాడు. వెనక తలుపు తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది. మా అన్నయ్య కూతురి ఇంట్లో ఉంటున్నాను, ఊరికి ఆ చివర. రెండు బస్సులు మారి వస్తాను."

"ఎందుకండీ?" అన్నాడు మా ఆయన.

"పేపర్లో వేస్తున్నారు కదండీ! ఎవరైనా చూసి ఇంతదూరం వస్తే, తలుపు మూసుంటే, అన్నయ్యకి ఎంత అప్రతిష్ట! మాస్టారు లేరని చెప్పడానికైనా ఒక మనిషుండాలిగా." ఆవిడ నవ్వింది. "నేను అప్పుడే ఆ పేపరాఫీసుకి వెళ్ళాను. అన్నయ్య పోయారు, ఇక కచేరీ లేదు, తీసేయండి అని చెప్పాను. ఎర్ర పెన్ను పట్టుకుని ఒకమ్మాయి కూర్చునుంది. చాలా మర్యాదగా 'రాసుకున్నానండీ' అంది. కానీ తర్వాత వారం కూడా వేశారు. ఆ తర్వాత వారం కూడా. అప్పుడు అర్థమైంది బాబూ నాకు. వాళ్ళు మర్చిపోలేదు. అన్నయ్య మీద గౌరవంతో పేరు అలాగే ఉంచారు. వాళ్ళు అంత గౌరవం చూపిస్తుంటే, నేను రాకుండా ఎలా ఉంటాను?"

మా ఆయన తల దించుకున్నాడు.

ఆవిడ టార్చి ఆర్పేసి వాయించడం మొదలుపెట్టింది. వేళ్ళకి వెలుగు అక్కర్లేదట. ఆవిడకి వచ్చింది సహకారం వాయించడం మాత్రమే. అన్నయ్య వాయించాల్సిన చోటు రాగానే ఆపేసి, "ఇక్కడ అన్నయ్య వాయిస్తాడు," అని గుసగుసగా చెప్పి, "రెండు... మూడు..." అని లెక్కపెట్టుకుంటూ ఆయనకివ్వాల్సిన సమయం ఆయనకిచ్చేది. ఒక చెయ్యి తిత్తిని ఆడిస్తూనే ఉండేది. పాత పెట్టె కదా, గాలి కారి హుస్సుమనేది. అదీ ఊపిరి. అదీ సగం పాట. పేపరు చూసి వచ్చినవాళ్ళంతా ముందు మెట్లెక్కి, తాళం వేసిన గదిలో ఆ చప్పుడు విని పరిగెత్తారు. ఆవిడేమో లోపల కుర్చీలు తుడుచుకుని, తన ఒక్కదాని వాయిద్యానికి ఎవరొస్తారులే అనుకుంటూ కూర్చుంది. ఐదేళ్ళు.

వెళ్ళేముందు ఆవిడ అడిగింది, "మీరేం చేస్తుంటారు బాబూ?" అని.

"ఊరికే... సంగీతమంటే ఇష్టమండీ," అన్నాడట మా ఆయన.

ఇదంతా వంటగదిలో స్టూలు మీద కూర్చుని, నేను మోకాలికి మందు రాస్తుంటే చెప్పాడు. చెప్పి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను ఏడవలేదు. మందు డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నాను.

"రేపు ఎడిటర్ గారికి చెప్పేస్తాను," అన్నాడు. "తప్పు నాదేనని పేజీలోనే వేస్తాను. ఆవిడ గురించి రాస్తాను. ఉద్యోగం పోతే పోనీ." మళ్ళీ అడిగాడు, "అవునూ, ఐదేళ్ళ కింద ఎర్ర పెన్నుతో... ఎవరై ఉంటారే?"

"ఎంతమంది ట్రైనీలు వచ్చిపోలేదు! ఎవరో ఏమో," అన్నాను.

నాకు బాగా గుర్తుంది. ఆ పెద్దావిడ చేతిలో గొడుగు కూడా గుర్తుంది. పేజీలు ప్రెస్సుకి వెళ్ళే టైము, నా చేతినిండా ప్రూఫులు. ఆవిడ చెప్తోంది, నేను ఒక కామా వెతుక్కుంటున్నాను. "రాసుకున్నానండీ" అన్నాను. నా ముందు రాసుకోవడానికి చిత్తుకాగితం ముక్క కూడా లేదు. ఆవిడ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. మెట్ల దాకా వెళ్ళిందో లేదో, నేను మర్చిపోయాను. ఆ తర్వాత ఐదేళ్ళు, ప్రతి వారం, చచ్చిపోయిన మనిషి కచేరీకి 'వయొలిన్'లో అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేవో చూసి టిక్కు పెట్టాను.

ఆ మాట ఆ రాత్రి చెప్పుంటే అక్కడితో పోయేది. చెప్పలేదు. చెప్పకపోగా ఏం చేశానో వినండి.

"ఆవిడకి నిజం చెప్పి ఏం బాగుపడతారండీ?" అన్నాను. "గౌరవంతో ఉంచారని పాపం సంతోషపడుతోంది. కాదమ్మా, మర్చిపోయామని చెప్తారా? ఆవిడ గుండె ఆగిపోదూ? ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి, ఆవిడకి ఉన్న ఒక్క సంతోషమూ పోతుంది. టైలర్ చెప్పిన దెయ్యం కథే రాయండి. వీధి పేరు వద్దు, ఏమీ వద్దు. ఎవరికి నష్టం?"

ఎంత చక్కగా మాట్లాడానో చూశారా! జాలి ఒలకబోశాను. ఆ జాలి అంతా నా ఎర్ర పెన్ను దాచుకోవడానికే.

మా ఆయన మెత్తని మనిషి. నా మాట కాదనలేడు. రాశాడు. బాగా రాశాడు కూడా. ప్రూఫు నా దగ్గరికొచ్చింది. ఆవిడ లెక్కపెట్టుకునే "రెండు... మూడు..." దగ్గర, 'ప్రాణాలు లెక్కపెడుతున్నట్టు' అని నేనే ఒక మాట చేర్చాను. చదువుకుని మురిసిపోయాను. సిగ్గులేని జన్మ.

పేజీ పంపేముందు ఆయన 'ప్రతి వారం' గడి దగ్గర ఆగాడు. "ఇది తీసేయనా?"

"ఇప్పుడు తీస్తే ఇన్నాళ్ళూ ఎందుకు ఉంచారని అడుగుతారు. ఉండనివ్వండి," అన్నాను.

ఆదివారం పేజీ వచ్చింది. పైన మా ఆయన పేరు. సోమవారం ఎడిటర్ గారు భుజం తట్టారు. మంగళవారం, బుధవారం మేమిద్దరం ఎదురుపడి కూడా ఆ గది మాటెత్తలేదు. కళల వారం జోరుగా సాగుతోంది.

గురువారం సాయంత్రం నా టేబుల్ మీద ఫోను మోగింది. ఎవరో కుర్రపిల్ల. వెనకాల నవ్వులు.

"మేడం, ఆ సగం పాట దెయ్యం మూడో అడ్డవీధిలోదే కదా?"

"ఎవరు చెప్పారు?"

"మీరే వేశారు కదా మేడం! పైన కథలో గురువారం, ఏడు గంటలు, టైలర్ షాపు, హార్మోనియం... అదే పేజీ కింద గడిలో గురువారం, ఏడు గంటలు, టైలర్ షాపు పైన, హార్మోనియం! కావాలనే పెట్టారు కదా, కనిపెడతామా లేదా అని? చాలామంది వెళ్తున్నారు!"

పైది ఒక కాలమ్‌గా చదివాను. కిందది ఒక గడిగా చదివాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పేజీని పేజీగా ఒక్కసారీ చదవలేదు నేను.

మా ఆయన్ని లాక్కుని పరిగెత్తాను. మేం వెళ్ళేసరికి మూడో అడ్డవీధి నిండా జనం. గోదాములో సినిమా చూసి వచ్చినవాళ్ళు, పాటల దగ్గర్నించి వచ్చినవాళ్ళు, ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు పడి నవ్వుకుంటున్నారు. మా ఆయన ముందు మెట్ల దగ్గర చేతులు అడ్డంపెట్టి, "వద్దండీ, అక్కడేం లేదు, వెళ్ళండి," అని బతిమాలుతున్నాడు. ఆయన్ని ఎవరు వింటారు? ఎవరో సందులో ఇనుప మెట్లు చూడనే చూశారు. ఒకరి వెనక ఒకరు అటు మళ్ళారు. నేనూ వాళ్ళలో పడి పైకి కొట్టుకుపోయాను.

గదిలో కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. ఊపిరి బిగబట్టుకుని ఇరవై ముప్ఫై మంది. ఎవరికీ నవ్వు రావట్లేదిప్పుడు.

చీకట్లోంచి ఒక గొంతు.

"వచ్చారా..."

నా పక్కనున్నమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంతమందా! కూర్చోండి... కూర్చోండి... కుర్చీలు చాలవేమో..." ఆ గొంతు వణుకుతోంది. సంతోషంతో. అది సంతోషమని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. నేను "ఎవరూ భయపడకండి, ఆవిడ మనిషే" అని ఒక్క మాట అంటే చాలు. అంటే ఎలా తెలుసని అడుగుతారు. నోరు తెరిచాను... మూసుకున్నాను.

హార్మోనియం మొదలైంది. ఎంత బాగుందనుకున్నారు! ఐదేళ్ళ తర్వాత ఇంతమంది ముందు వాయిస్తోందాయె. ఆ వేళ్ళలో ప్రాణమంతా పెట్టింది. తర్వాత... ఆగింది. అన్నయ్య వాయించే చోటు.

హుస్... హుస్...

"రెండు... మూడు..."

ఎవరో తట్టుకోలేక ఫోన్ లైటు వేశారు. తెల్లజుట్టు, గాజుగోళీల్లా మెరుస్తున్న రెండు కళ్ళు, నీళ్ళతో.

"దెయ్యం!!"

ఇక చూడండి. కుర్చీలు విరిగాయి, చెప్పులు జారాయి, ఇనుప మెట్లు దడదడలాడాయి. ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ, అరుచుకుంటూ దిగిపోయారు. రెండు నిమిషాల్లో గది ఖాళీ. గోడకి అంటుకుని నేనొక్కదాన్నే మిగిలాను.

ఆవిడ టార్చి వెలిగించింది. పడిపోయిన కుర్చీల వైపు చూడలేదు. పారిపోయినవాళ్ళ మీద కోపమూ లేదు. తనకి కుడివైపున్న ఖాళీ చోటు వైపు తిరిగి, టార్చి అటు వేసి, కిందికీ పైకీ వెతికింది. గోడ మాత్రమే ఉంది. తర్వాత నా వైపు తిరిగింది. నన్ను గుర్తుపట్టలేదు. ఐదేళ్ళ కింద నేను తలెత్తి ఆవిడ మొహం సరిగ్గా చూడలేదు, ఇక ఆవిడకి నా మొహం ఎలా తెలుస్తుంది?

"దెయ్యం అన్నారు..." అంది, గుసగుసగా. "మా అన్నయ్య ఎవరికో కనిపించాడమ్మా. నాకు కనపడ్లేదు. నీకు కనిపించాడా?"

చెప్పాల్సిన మాటలన్నీ నాలిక చివరే ఉన్నాయి. అమ్మా, ఎవరూ రాలేదు. గౌరవమూ కాదు, ఏమీ కాదు. మర్చిపోయాం. ఆ రోజు నువ్వు చెప్పింది నాకే. నేనే. ఆవిడ టార్చి పట్టుకుని, రెప్ప వెయ్యకుండా, నా నోటి వంకే చూస్తోంది.

"కనిపించారండీ," అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. రెండడుగులు ముందుకొచ్చి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఎలా ఉన్నాడమ్మా... చిక్కాడా?"